ఆయన గొంతు కోసం చూసిన ట్యాబ్‌లు

మా ఆయన గొంతులో గడ్డ ఉందని తేలిన రోజు, డాక్టరు మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, ప్రాణం దక్కుతుంది గానీ మాట దక్కదని చెప్పాడు. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి. మెడ కింద చిన్న రంధ్రం పెడతారు, ఇకమీదట ఊపిరి అక్కడినుంచే. ఆయన అంతా విని, "నేను మేష్టర్ని సార్, మాట లేకుంటే ఎట్లా?" అన్నారు. డాక్టరు చేతిలో పెన్ను మూత తీసి పెట్టాడు.

కోలారు బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లో ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి ఆయన. రిటైరై అప్పటికి ఏడాది కూడా కాలేదు. మా వీధిలో పెళ్ళయినా, గణపతి పండగైనా మైకు ఆయన చేతికే ఇచ్చేవాళ్ళు. తెలుగులో మొదలుపెట్టి, కన్నడంలోకి దిగి, తమిళంలో ఒక జోకు వేసి మళ్ళీ తెలుగులోకి వచ్చేవారు. ఇంట్లోనూ అదే వరస. నేను బంగారుపేటలో ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తాని. సాయంత్రం రైలు దిగి ఇల్లు చేరి, చెప్పులు విడిచేలోపే ఆ రోజు పేపర్లో చదివిందంతా చెప్పడం మొదలుపెట్టేవారు. మాకు పిల్లలు లేరు. ఆ మాటలన్నీ వినడానికి ఉన్నది నేనొక్కదాన్నే.

ఆపరేషనుకు ముందు నాలుగు రోజులు గడువు దొరికింది. ఫోన్లో ఆయన గొంతు రికార్డు చేసి పెట్టుకుందామని అడిగాను. ఏవో నాలుగు మాటలు, రోజూ అనేవే.

"నేనేమన్నా సచ్చిపోతా ఉండానా, గుర్తుకు దాచిపెట్టుకునేదానికి?" అన్నారు.

నేను మళ్ళీ అడగలేదు. అడిగి ఉండాల్సిందని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి వారం, మెడ రంధ్రంలో పెట్టిన గొట్టాన్ని గంటకోసారి శుభ్రం చేసే పని పక్కన పెడితే, ఇల్లు నిశ్శబ్దంగా ఉండడం నాకు హాయిగానే అనిపించింది. వంటింట్లో పోపు చిటపటలు వినపడుతున్నాయని ఒకసారి ఆగి విన్నాను. వెంటనే సిగ్గేసింది.

మొదట్లో పలక మీద రాసేవారు. ఆయన చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. కానీ ఆయన నోటికున్న వేగం చేతికి రాలేదు. నాలుగు ముక్కలు రాసేలోపు ఎదుటివాళ్ళు ఇంకో విషయంలోకి వెళ్ళిపోయేవాళ్ళు. ఒకరోజు నేను వాక్యం పూర్తి కాకముందే తలూపానని పలక గోడకేసి కొట్టారు. మెడకు ఆనించుకుని మాట్లాడే చిన్న యంత్రం ఒకటి ఆసుపత్రివాళ్ళు చూపించారు గానీ, అది తేనెటీగ గొంతు పెట్టుకున్నట్టు ఝుమ్మంటుందని ఆయన దాన్ని రెండోసారి ముట్టుకోలేదు.

అప్పుడు మా మరిది బెంగళూరు నుంచి ట్యాబ్ ఒకటి తెచ్చాడు.

"చూడు వదినా, ఈ రేటులో ఇట్లాంటి డిస్‌ప్లే ఇంగ యాడా దొరకదు. కలర్లు చూడు!" అంటూ ఒక సినిమా పాట పెట్టాడు. నిజమే, రంగులు కళ్ళకు కట్టినట్టున్నాయి. మా ఆయన కళ్ళలో చాలా రోజుల తర్వాత వెలుగు కనిపించింది. మాట్లాడే యాప్ ఒకటి కూడా అందులో దింపి ఇచ్చాడు మరిది. తెర మీద గళ్ళు గళ్ళుగా ఉంటుంది. ఒక్కో గడిలో ఒక్కో వాక్యం రాసుకోవచ్చు. వేలు పెడితే యంత్రం ఆ వాక్యాన్ని పైకి చదువుతుంది. కొత్త మాట కావాలంటే కింద టైపు చెయ్యాలి.

ఇబ్బంది మూడో రోజునుంచి మొదలైంది. ఆ ట్యాబ్ నిండా కంపెనీవాళ్ళు ముందే పెట్టిన ఆటలు, ఆన్‌లైన్ అంగళ్ళు. తీసేద్దామంటే తీసే దారి లేదు. కొన్నిటిని ఎలాగో తీస్తే, రాత్రి అప్‌డేట్ అయ్యి పొద్దునకి తిరిగి అక్కడే ఉండేవి. అక్షరాలు పెద్దవి చేస్తే గడిలో వాక్యం సగం తెగిపోయేది. తెర అంచు మీద చెయ్యి తగిలితే యాప్ పక్కకు పోయి ఇంకేదో తెరుచుకునేది. మందుల వల్ల ఆయన వేళ్ళు వణుకుతున్న రోజులవి. ఇక వరండాలో కూర్చుంటే పగటిపూట ఆ తెరలో ఆయన మొహమే కనిపించేది గానీ అక్షరం కనిపించేది కాదు. మా వరండాకు ఎదురుగా గని మట్టి దిబ్బలు. ఎండ వాటి మీద పడి తెల్లగా తిరిగి మా మీదికే కొడుతుంది.

ఒకసారి చెకప్‌కి వెళ్ళాం. డాక్టరు గొట్టం కదిలించి, "నొప్పి ఉందా?" అని అడిగాడు. ఆయన 'నొప్పి' గడి నొక్కబోయారు. సరిగ్గా అప్పుడే తెర నిండా రమ్మీ ఆట ప్రకటన వచ్చి, ఒక ఆడగొంతు, "ఆడండి, గెలవండి!" అని అరిచింది. గదిలో ఉన్న నర్సు నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది. ఆయన ఆ ట్యాబ్‌ను బోర్లించి ఒళ్ళో పెట్టుకుని, ఇంటికి వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నారు.

ఆ వారమే నేను ఇంకొకటి కొనాలని నిశ్చయించుకున్నాను. బంగారుపేటలో రెండు కొట్లు, కోలారులో మూడు తిరిగాను. కొట్టువాళ్ళకు నా ప్రశ్నలు వింతగా ఉండేవి. కోలారులో ఒక కొట్టతను మూడు ట్యాబ్‌లు అద్దం మీద వరసగా పెట్టి మూడింట్లోనూ ఒకే వీడియో ఆడించాడు. సముద్రం, చేపలు.

"బయటికి తీసుకుపోయి ఎండలో చూస్తానప్పా," అన్నాను.

"ఎండలో ఎందుకమ్మా? సినిమా ఇంట్లోనే కదా చూస్తారు?"

"సినిమాకు కాదు. మా ఇంటాయనకు మాట లేదు. దీంట్లోనే మాట్లాడాల."

అతను మూడూ తీసుకుని నాతో పాటు మెట్ల మీదికి వచ్చాడు. చేపల వీడియో తీసేసి తెలుగులో ఒక పేరా పెట్టమన్నాను. అక్కడ తేడా తెలిసింది. మొదటిది సూటిగా చూస్తే బాగానే ఉంది గానీ కాస్త పక్కకు వంచితే అక్షరాలు నల్లబడిపోయాయి. మా ఆయన ఎక్కువసేపు ఒక పక్కకు ఒరిగి పడుకుంటారు, ఆ కోణంలో అది పనికిరాదు. రెండోదాంట్లో ఒత్తులు అలుక్కుపోయాయి. ఇంగ్లీషు అక్షరాలు ఎలాంటి తెర మీదైనా నిలబడతాయి. తెలుగు అక్షరం కింద ఒత్తు, ఆ ఒత్తుకు మళ్ళీ తోక, తెరలో పట్టు లేకపోతే అన్నీ కలిసి చుక్క అయిపోతాయి. మూడోదాని రంగులు నీళ్ళు కలిపినట్టున్నాయి. చేపలన్నీ దాంట్లో బూడిదరంగే. కానీ ఏ పక్కనుంచి చూసినా అక్షరం అక్షరంగానే ఉంది, ఎండలో కూడా చదవగలిగాను.

తర్వాత లోపలికి వచ్చి సాఫ్ట్‌వేరు చూశాను. ముందే పెట్టిన యాప్‌లు తీసెయ్యొచ్చా? మొదటి తెర నాకిష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చా? ఒకే యాప్‌లో ఆపేసి, చెయ్యి తగిలినా బయటికి పోకుండా చెయ్యొచ్చా? అక్షరాలు పెద్దవి చేస్తే గడులు కూడా పెరుగుతాయా? మూడోది అన్నిటికీ ఒప్పుకుంది. కొట్టతను ఆశ్చర్యపోయి, "దీన్ని డల్లుగా ఉండాదని ఎవురూ తీసుకోరమ్మా," అన్నాడు. ఆ రోజు రైల్లో ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని వస్తుంటే, చాలా ఏళ్ళ తర్వాత ఏదో పని సరిగ్గా చేశానన్న గర్వం కలిగింది.

ఆయన దాన్ని తెరిచి చూసి, తమ్ముడు తెచ్చినదాని పక్కన పెట్టి, పలక మీద రాశారు: "దీంట్లో కలరే లేదు."

"మాటకు కలరెందుకండీ?" అన్నాను.

ఆయన పలక తుడిచేశారు. కానీ మర్నాటినుంచి కొత్తదే వాడారు.

నేను కాలేజీకి లాంగ్ లీవు పెట్టి ఉన్నాను. రెండు రోజులు కూర్చుని ఆ ట్యాబ్‌ను శుభ్రం చేశాను. అక్కర్లేనివన్నీ తీసేసి, మొదటి తెర మీద పన్నెండు గళ్ళు పెట్టాను. నీళ్ళు కావాలి. నొప్పిగా ఉంది. గొట్టం చూడు. అవును. కాదు. కొంచెం ఆగండి. ఇలాంటివి. అన్నిటికంటే పైన, ఎడమవైపు మొదటి గడిలో, "ఏమే, ఒకసారి ఇట్ల రా" అని రాశాను. పెళ్ళయినప్పటినుంచి ఆయన నన్ను పిలిచింది ఆ మాటతోనే. యంత్రం దాన్ని వార్తలు చదివినట్టు చదివింది. అయినా వంటింట్లో నిలబడి, హాల్లోంచి ఆ మాట వినపడగానే నాకు కళ్ళు తడిశాయి.

గళ్ళు ఎలా మార్చుకోవాలో, కొత్త పేజీలు ఎలా పెట్టుకోవాలో ఆయనకు నేనే నేర్పాను. గడి మీద వేలు నొక్కి ఉంచితే రెండు వరసలు తెరుచుకుంటాయి. పై వరసలో రాసింది గడి మీద కనిపిస్తుంది. కింది వరసలో రాసింది యంత్రం పలుకుతుంది. లెక్కల మేష్టారు కదా, ఒక్కసారి చూపిస్తే పట్టేశారు.

వారం తిరక్కుండా మొదటి గడి మాయమైంది. నన్ను పిలవాలంటే ఆయన రెండు చేతులు చరిచేవారు. ఎందుకు తీసేశారని అడిగితే టైపు చేసి వినిపించారు: "చప్పట్లయితే బిరీన వస్తావు."

ఆయనకు ఒక స్నేహితుడున్నాడు. గనిలో మనుషుల్ని కిందికి దించి పైకి తెచ్చే ఇంజను నడిపి, గని మూసేశాక చాలా ఏళ్ళు ఖాళీగా ఉన్నవాడు. ఇంట్లో తమిళం, మాతో తెలుగు. ఆపరేషను తర్వాత చుట్టాలందరూ మెల్లిగా రావడం తగ్గించినా, ఇతను మాత్రం రోజూ సాయంత్రం వచ్చి వరండాలో కూర్చునేవాడు. ట్యాబ్ చూసి అతనే ధైర్యం చెప్పాడు. "దీనికేమి మేష్టరూ! మాకు భూమి లోపల్నుంచి గంట కొడితేనే మాట. మూడు కొడితే మనుషులు ఎక్కుతా ఉండారని అర్థం. ఒక మొహం చూసినామా, ఒక గొంతు విన్నామా? అట్లనే ఇన్నేండ్లు నడిపినాను." అతని కోసం మా ఆయన నవ్వారు. శబ్దం లేని నవ్వు, భుజాలు మాత్రం కదిలాయి.

ఒక మధ్యాహ్నం ఆయన నిద్రపోతుంటే, చార్జింగు పెట్టడానికి ట్యాబ్ తీశాను. పేజీలు పెరిగి ఉన్నాయి. స్నేహితుడికని ఒక పేజీ. దాంట్లో ముప్పై గళ్ళకు పైగా ఉన్నాయి. "రాప్పా, నీ కోసమే కాసుకోని ఉండాను." "మోకాలు నొప్పి ఎట్లుండాది?" "ఉండు, కాఫీ తాగి పోదువు." పాత స్కూలు జోకులు కూడా టైపు చేసి పెట్టుకున్నారు. తమ్ముడికొక పేజీ: "నువ్వు తెచ్చింది భద్రంగా ఉండాది." పాలు పోసే ఆమెకు కూడా ఒక గడి ఉంది: "బిడ్డకు జరం తగ్గిందా అమ్మా?"

'ఇల్లు' అని ఇంకో పేజీ. అది నాది. నాలుగే గళ్ళు.

"కారం తగ్గించు."

"యాడ పెట్టినావు?"

"నీకు చెప్పినా అర్థం కాదు."

"ఇంగ చాలు, పో."

నేను ఆ నాలుగింటినీ చాలాసేపు చూశాను. ఆయన ఈ మాటలు కొత్తగా అనడం లేదు. ముప్పై ఏళ్ళుగా అన్నవే. కానీ నోటితో అన్నప్పుడు ఒక్కోసారి ఒక్కో రకంగా ఉండేవి. "నీకు చెప్పినా అర్థం కాదు" అనేది విసుగ్గా ఉండేది, కొన్నిసార్లు ముద్దుగా కూడా ఉండేది. మాటలు వేలల్లో ఉంటే వాటి మధ్య అవి కొట్టుకుపోయేవి. ఇప్పుడు ఆయన కూర్చుని, ఆలోచించుకుని, నాతో జీవితానికి ఈ నాలుగు చాలని ఏరి పెట్టుకున్నారు. ఆరోజునుంచి అవి రోజుకు ఎన్నిసార్లు మోగుతున్నాయో నాకు వినపడడం మొదలైంది. యంత్రానికి విసుగూ లేదు, ముద్దూ లేదు. ప్రతిసారీ ఒకే స్వరం.

అడిగాను. "నాతో మాట్లాడేదానికి ఇంగేమీ లేదా మీకు?"

ఆయన టైపు చేశారు. యంత్రం చదివింది: "నువ్వు ఇంట్లోనే ఉండావు కదా. నీతో ఏముంటాది మాట్లాడేదానికి?"

ఆయన కావాలని బాధపెట్టలేదు. నిజంగానే అర్థం కాక నా మొహం చూశారు. దానికే నాకు ఎక్కువ మండింది.

తర్వాత నేను చేసిన పని ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఆ మూడో గడి మీద వేలు నొక్కి ఉంచాను. పై వరస అలాగే వదిలేశాను. కింది వరస చెరిపి, వేరే వాక్యం రాశాను. ఒక్కసారి ఆయన నోట ఆ మాట వినాలని అనుకున్నాను, అంతే. ఇంతకన్నా పెద్ద సాకు నా దగ్గర లేదు.

ఆదివారం సాయంత్రం స్నేహితుడు వచ్చాడు. ఇద్దరూ పెన్షను కాగితాల గురించి ఏదో మాట్లాడుకుంటున్నారు. ఆయన చప్పట్లు చరిచి, చేత్తో ఫైలు తెమ్మని సైగ చేశారు. నేను నీలం ఫైలు తెచ్చాను. ఆయనకు కావలసింది ఇంకొకటి. తల అడ్డంగా ఊపి, మామూలుగా మూడో గడి నొక్కారు.

"నాకు చెప్పేది చేతకాలేదు," అంది యంత్రం.

స్నేహితుడు పెద్దగా నవ్వాడు. "ఇన్నేండ్లకు నిజం ఒప్పుకున్నావు మేష్టరూ!"

ఆయన గడి వైపు చూశారు. దాని మీద "నీకు చెప్పినా అర్థం కాదు" అనే ఉంది. మళ్ళీ నొక్కారు. "నాకు చెప్పేది చేతకాలేదు." మూడోసారి నొక్కారు. అదే. స్నేహితుడి నవ్వు ఆగిపోయింది. ఆయన తలెత్తి నన్ను చూశారు. నా మొహంలోనే జవాబు ఉండి ఉంటుంది.

ఆయన లేచి నిలబడ్డారు. నోరు తెరుచుకుంది, మెడ నరాలు ఉబ్బాయి. అరుస్తున్నారు. వచ్చింది మాత్రం గొట్టంలోంచి గాలి, ఈల వేసినట్టు సన్నగా. పాతికమంది పిల్లల్ని వెనక బెంచీదాకా అదిలించిన గొంతు. దమ్ము సరిపోక దగ్గు వచ్చింది, దగ్గుతో పాటు గొట్టంలోంచి నెత్తురు చారలున్న కఫం చొక్కా మీద పడింది. నేను దగ్గరికి వెళితే చెయ్యి అడ్డం పెట్టారు. స్నేహితుడే పట్టుకుని కూర్చోబెట్టి, గుడ్డతో తుడిచాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నాతో మెల్లిగా అన్నాడు, "మనిషికి అది ఒగటే ఉండాది కదమ్మా. దాంట్లో యాల చెయ్యి పెడితివి?"

నాలుగు గళ్ళు నన్ను ఎంత బాధపెట్టాయో అతనికి చెప్పాలనిపించింది. చెప్పినా, మాట లేనివాడి మాట మార్చినదాన్ని నేనే.

మర్నాడు ట్యాబ్‌కి తాళం పడింది. అంకెలు కొడితే గానీ గళ్ళు మార్చడానికి, పేజీలు తెరవడానికి వీల్లేదు. ఆ అంకెలేమిటో స్నేహితుడికి తెలుసు, నాకు తెలియదు. 'ఇల్లు' పేజీ ఉందో లేదో కూడా తెలియదు, ఎందుకంటే ఆ తర్వాత దాంట్లోంచి నాకు ఒక్క మాటా వినపడలేదు. నాతో అన్నీ సైగలే. కారం ఎక్కువైతే కంచం పక్కకు జరిపేవారు.

పది రోజులు చూసి, ఒక పొద్దున గొట్టం కడిగి పెడుతూ అన్నాను. "తప్పు చేసినానండీ. అట్లా చెయ్యకూడదు. నాకు కోపం వచ్చింది. మీరు అందరికీ అన్నేసి మాటలు పెట్టుకుంటిరి, నాకు నాలుగే పెడితిరి. అయినా చెయ్యకూడదు."

ట్యాబ్ ఆయన పక్కనే, చెయ్యి చాపితే అందే చోట ఉంది. ఆయన దాని వైపు చూడలేదు. నన్నే చూస్తూ పెదవులు కదిలించారు. చిన్న మాటే. పెదవులు రెండూ మూసుకుని తెరుచుకున్నాయి. 'పర్లేదు' అన్నారేమో అనిపించింది. 'పో' అని కూడా అలాగే ఉంటుంది.

"ఏమన్నారు? ఇంగోసారి చెప్పండి," అన్నాను.

ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు.

సోమవారం లీవు రద్దు చేసుకుని ఆఫీసుకు వెళ్ళాను. పగలు చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టుకున్నాం. ఆమెను ఆయన ఏమని పిలుస్తారో, ఆమె కోసం ఎన్ని గళ్ళు పెట్టుకున్నారో నేను అడగలేదు.